పన్నెండో తరగతి కంప్యూటర్ సైన్స్: శాంపిల్ పేపర్లు ఎలా సాధన చేయాలి?

ఎంవీపీ_అమ్మాయి | జనవరి 10, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. విశాఖలో సీబీఎస్ఈ పన్నెండో తరగతి చదువుతున్నాను. మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఇంగ్లిష్‌తో పాటు కంప్యూటర్ సైన్స్ (083) తీసుకున్నాను. మొదటి ప్రీబోర్డులో (బోర్డు పరీక్షకు ముందు స్కూల్లో పెట్టే నమూనా పరీక్ష) 70కి 43 వచ్చాయి. ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెడితే పుస్తకంలోని ఏ ప్రోగ్రామైనా రాసేస్తాను. కాగితం మీద రాయమంటే మాత్రం చేయి ఆగిపోతుంది. ఆఖరి రెండు ప్రశ్నలకు సమయం కూడా చాలలేదు.

మా క్లాసులో కొందరు లావుపాటి శాంపిల్ పేపర్ల పుస్తకం కొని రోజుకొక పేపర్ చేస్తున్నారు. నేనూ అదే కొనాలా? జేఈఈ రెండో విడత కూడా రాయాలి కాబట్టి ఈ సబ్జెక్టుకు వారానికి రెండు పూటలకు మించి ఇవ్వలేను.

ఉక్కునగరం_సీనియర్ | జనవరి 10, రాత్రి 9:48

కిందటేడాది ఇదే పరీక్ష రాసి ఇప్పుడు ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో ఉన్నాను. ఆలోచించకుండా కొనేయమ్మా. ఎన్ని పేపర్లు చేస్తే అంత వేగం వస్తుంది. ప్రశ్నల తీరు ఏటా దాదాపు ఒకటే: ఒక టెక్స్ట్ ఫైల్, ఒక సీఎస్‌వీ ఫైల్ (కామాలతో విడదీసిన పట్టిక), ఒక స్టాక్ (చివర చేర్చినదే ముందు తీసే జాబితా), నాలుగు ఎస్‌క్యూఎల్ క్వెరీలు (డేటాబేస్‌ను వివరాలు అడిగే ఆదేశాలు), నాలుగు భవనాల నెట్‌వర్క్. ఇరవై పేపర్లు దాటాక ప్రశ్న చదవకముందే జవాబు తడుతుంది.

ల్యాబ్_మాస్టారు | జనవరి 10, రాత్రి 10:31

ప్రశ్న చదవకముందే జవాబు తట్టడమే చాలామంది కొంప ముంచేది. 'టీ అక్షరంతో మొదలయ్యే వరుసలు లెక్కించు' అని అడిగితే అలవాటుకొద్దీ పదాలు లెక్కించి వచ్చేవారిని ఏటా చూస్తూనే ఉన్నాను.

అమ్మాయీ, ముందు పేపర్ స్వరూపం చూడు. 2024-25 బోర్డు శాంపిల్ పేపర్‌లో 37 ప్రశ్నలున్నాయి. ఒక మార్కువి 21, రెండు మార్కులవి 7, మూడు మార్కులవి 3, నాలుగు మార్కులవి 4, అయిదు మార్కులవి 2. అంతకు ముందు ఏడాది అమరిక వేరు, మొత్తం ప్రశ్నలు 35. కాబట్టి అమరికను బట్టీ పట్టకు, యూనిట్ల బరువును గుర్తుంచుకో. ప్రోగ్రామింగ్ భాష పైథాన్‌కు 40, డేటాబేస్‌కు 20, నెట్‌వర్క్స్‌కు 10. మూడు గంటలకు 70 మార్కులంటే మార్కుకు రెండున్నర నిమిషాలు. ఒక మార్కు ప్రశ్నల దగ్గరే గంట గడిపేస్తే చివరి పేజీలు ఖాళీగా మిగలడంలో వింత లేదు.

ఇక పుస్తకం సంగతి. బోర్డు అకడమిక్ వెబ్‌సైట్‌లో ఏటా ఒక శాంపిల్ పేపర్, దానితో పాటు మార్కింగ్ స్కీమ్ (జవాబులు, మార్కుల పంపకం) ఉచితంగా పెడతారు. ముందు అవి పూర్తి చేయి. బజారు పుస్తకాల్లో మంచివీ ఉన్నాయి, అచ్చుతప్పులతో నిండినవీ ఉన్నాయి. పైథాన్‌లో ఒక ఖాళీ జరిగితే ప్రోగ్రామ్ అర్థమే మారిపోతుంది. అలాంటి పుస్తకంలో జవాబు తేడా వస్తే తప్పు నీదో అచ్చువేసినవాడిదో తేల్చుకోవడానికే పూట గడిచిపోతుంది.

పాత పేపర్ల విషయంలో రెండు జాగ్రత్తలు. చాలా వెనక్కి వెళితే సీ ప్లస్ ప్లస్ ప్రశ్నలు కనిపిస్తాయి, వాటితో నీకు పని లేదు. 2021-22లో పరీక్షను రెండు టర్ములుగా పెట్టారు. మొదటి టర్మ్ మొత్తం బహుళైచ్ఛిక ప్రశ్నలే. అవి ఒక మార్కు ప్రశ్నల సాధనకు పనికొస్తాయి, మూడు గంటల పరీక్షకు నమూనా కావు.

సిరిపురం_కోడర్ | జనవరి 10, రాత్రి 11:05

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. మన దేశంలో తప్ప ప్రోగ్రామింగ్‌ను కాగితం మీద రాయించే వింత ఎక్కడా ఉండదనుకుంటాను. మా ఆఫీసులో ఎవరూ పెన్నుతో కోడ్ రాయరు. పిల్లలు ల్యాప్‌టాప్‌లోనే సాధన చేస్తే తప్పేమిటి? తప్పు చేస్తే వెంటనే కంప్యూటరే చెబుతుంది కదా.

భీమిలి_టీచర్ | జనవరి 11, ఉదయం 6:15

సిరిపురం గారూ, మన దేశంలోనే కాదండీ. అమెరికా హైస్కూలు పిల్లల అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కంప్యూటర్ సైన్స్ పరీక్షలోనూ ఎన్నో ఏళ్లపాటు జావా కోడ్‌ను పెన్సిల్‌తోనే రాయించారు. ఈమధ్యే అది తెర మీదకు మారింది.

మీరన్న 'వెంటనే చెబుతుంది' అన్నదే ఇక్కడ చిక్కు. కోలన్ మరిచిపోయినా, బ్రాకెట్ మూయకపోయినా, వేరియబుల్ పేరులో అక్షరం తప్పినా ఎడిటర్ ఎర్రగా గీత గీస్తుంది. పిల్లలు దిద్దుకుంటారు. దిద్దుకున్నామన్న సంగతి కూడా గుర్తుండదు. కాగితం మీద ఆ గీత ఉండదు. ఈ అమ్మాయికి ప్రోగ్రామింగ్ రాక కాదు, తన తప్పును తానే పట్టుకునే అలవాటు ఇంకా కాలేదు, అంతే.

సిరిపురం_కోడర్ | జనవరి 11, ఉదయం 8:40

పరీక్ష పద్ధతి మీద నా అభిప్రాయం మారదు. కానీ ఒక చిట్కా చెబుతాను. ముందు కాగితం మీద రాయమ్మా. పరీక్ష సమయం అయిపోయాక అదే జవాబును ఉన్నదున్నట్టు, తప్పులతో సహా, ఒక్క చుక్క కూడా మార్చకుండా ల్యాప్‌టాప్‌లో టైపు చేసి నడిపించు. ఎన్నిచోట్ల ఆగిందో, ఎందుకు ఆగిందో పక్కన రాసుకో. నాలుగు జవాబులకే నీ అలవాటు తప్పులు బయటపడతాయి. ఒకరికి ఎప్పుడూ కోలన్ పోతుంది, ఇంకొకరికి రిటర్న్ స్థానం తప్పుతుంది.

ల్యాబ్_మాస్టారు | జనవరి 11, ఉదయం 9:02

ఇది మంచి మాట. నేనూ మా పిల్లలకు చెబుతాను. మూడు గంటలు పూర్తయ్యాకే సుమా, మధ్యలో వద్దు.

గాజువాక_నాన్న | జనవరి 11, మధ్యాహ్నం 1:10

మా అబ్బాయి కూడా ఇదే తరగతి. నాకు తెలియక అడుగుతున్నాను. జేఈఈకి మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీయే కదా, ఈ కంప్యూటర్ సైన్స్‌కు అంత సమయం పెట్టడం అవసరమా? పాసైతే చాలదా? కోచింగ్‌వాళ్లు కూడా అదే అంటున్నారు.

ఉక్కునగరం_సీనియర్ | జనవరి 11, మధ్యాహ్నం 2:25

చాలదండీ. ఎన్ఐటీల్లో చేరాలంటే ర్యాంకు ఒక్కటే కాదు, పన్నెండో తరగతిలో అయిదు సబ్జెక్టులు కలిపి 75 శాతం ఉండాలి, లేదా బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం. ఆ అయిదింటిలో కంప్యూటర్ సైన్స్ ఒకటి. కెమిస్ట్రీలో పది మార్కులు పెంచుకోవడం కన్నా ఇందులో పెంచుకోవడం చాలా తేలిక. 30 మార్కులు ప్రాక్టికల్స్‌లోనే ఉన్నాయి.

ఎంవీపీ_అమ్మాయి | జనవరి 11, రాత్రి 8:30

మాస్టారూ, భీమిలి మేడమ్, ధన్యవాదాలు. ఈరోజు ప్రీబోర్డు పేపర్ మళ్లీ తీసి చూశాను. ఎక్కువ పోయింది అవుట్‌పుట్ రాయమన్న ప్రశ్నల్లోనే. ప్రోగ్రామ్ అర్థమవుతుంది, అయినా జవాబు కొంచెం తేడా వస్తుంది. అక్కడ సగం మార్కులైనా వేయరా?

భీమిలి_టీచర్ | జనవరి 11, రాత్రి 9:15

స్కీమ్‌లో విడగొట్టి ఉంటే వేస్తారమ్మా. కానీ అవుట్‌పుట్ అంటే తెర మీద ఏది పడుతుందో అదే. ప్రింట్‌లో సెప్ స్థానంలో హ్యాష్ గుర్తు ఇస్తే విలువల మధ్య ఖాళీ ఉండదు, హ్యాషే ఉంటుంది. ఎండ్ స్థానంలో ఏదైనా ఇస్తే తరువాతి ముద్రణ కింది వరుసకు రాదు, అదే వరుసలో కొనసాగుతుంది. స్ట్రింగ్‌ను విడిగా ముద్రిస్తే కొటేషన్లు రావు, లిస్టులో భాగంగా ముద్రిస్తే వస్తాయి. పిల్లల మార్కులు పోయేది ఇలాంటిచోటే.

ప్రోగ్రామ్ రాయమన్న ప్రశ్నల్లో మాత్రం బోర్డు ఉదారంగానే ఉంటుంది. మార్కింగ్ స్కీమ్ తెరిచి చూడు. ఫైల్ సరిగ్గా తెరిచినందుకు అర మార్కు, చదివినందుకు అర, షరతుకు, ముద్రణకు ఇలా ముక్కలుగా ఇస్తారు. వేరే దారిలో రాసినా సరైనదైతే ఒప్పుకుంటారు. కాబట్టి ఖాళీగా వదలకు. ఫంక్షన్ పేరు ప్రశ్నలో ఇచ్చిందే వాడు, సొంత పేరు పెట్టకు.

ల్యాబ్_మాస్టారు | జనవరి 11, రాత్రి 10:10

ఊరికే చెబితే వంటబట్టదు. మూడు చిన్న ప్రశ్నలిస్తున్నాను, ల్యాప్‌టాప్ తెరవకుండా చెప్పండి. ఇక్కడ కోడ్ అంటిస్తే వరుసల ముందుండే ఖాళీలు చెరిగిపోతున్నాయి కాబట్టి మాటల్లోనే రాస్తున్నాను.

మొదటిది. క అనే లిస్టులో [1, 2, 3] ఉన్నాయి. ఖ = క అన్నాం. ఖకు అపెండ్‌తో 4 చేర్చాం. తరువాత ఖ = ఖ + [5] అన్నాం. మళ్లీ ఖకు అపెండ్‌తో 6 చేర్చాం. ఇప్పుడు క, ఖ ముద్రిస్తే ఏమి వస్తుంది?

రెండోది. ఒక పట్టికలో అయిదు వరుసలు. మార్కుల కాలమ్‌లో 40, 60, నల్, 80, 60. కౌంట్ నక్షత్రం (మొత్తం వరుసల లెక్క) ఎంత, కౌంట్ మార్కులు ఎంత, కౌంట్ డిస్టింక్ట్ మార్కులు ఎంత, సగటు ఎంత?

మూడోది. యాదృచ్ఛిక అంకెనిచ్చే ర్యాండింట్ (1, 3), ర్యాండ్‌రేంజ్ (1, 3) రెండూ కూడితే వచ్చే కనిష్ఠం, గరిష్ఠం?

క, ఖ అని పేర్లు పెట్టానని నవ్వకండి. పైథాన్ 3 తెలుగు అక్షరాలను కూడా వేరియబుల్ పేర్లుగా నిక్షేపంగా ఒప్పుకుంటుంది.

ఎంవీపీ_అమ్మాయి | జనవరి 12, ఉదయం 5:50

మొదటిది: రెండూ ఒకే లిస్టు కాబట్టి రెండింటిలోనూ [1, 2, 3, 4, 5, 6].
రెండోది: 5, 4, 3, సగటు 48.
మూడోది: కనిష్ఠం 2, గరిష్ఠం 5.

ల్యాబ్_మాస్టారు | జనవరి 12, సాయంత్రం 6:20

మూడోది సరైనది. ర్యాండింట్‌లో చివరి అంకె కలుస్తుంది, ర్యాండ్‌రేంజ్‌లో కలవదు. అందుకే 3కి 2 కలిసి 5.

రెండోదానిలో కౌంట్‌లు మూడూ సరే. సగటు దగ్గర జారావు. నల్ అంటే సున్నా కాదు, విలువే లేదు. అందుకని ఆ వరుసను లెక్కలోకి తీసుకోదు. 240ని 4తో భాగించాలి, 5తో కాదు. సగటు 60.

మొదటిదానిలో ఖ సరే. క మాత్రం [1, 2, 3, 4] దగ్గరే ఆగుతుంది. ఖ = క అన్నప్పుడు ఒకే లిస్టుకు రెండు పేర్లు వచ్చాయి, కాబట్టి 4 రెండింటిలోనూ కనిపిస్తుంది. ఖ + [5] మాత్రం కొత్త లిస్టును తయారుచేస్తుంది. ఆ క్షణం నుంచి ఖ అనే పేరు కొత్తదానికి పోయింది, పాతది క దగ్గరే ఉంది.

ఉక్కునగరం_సీనియర్ | జనవరి 12, సాయంత్రం 6:44

మాస్టారూ, అదే ఖ += [5] అని రాస్తే?

ల్యాబ్_మాస్టారు | జనవరి 12, సాయంత్రం 6:58

అలా రాస్తే అమ్మాయి చెప్పిందే సరైన జవాబు. లిస్టులకు += ఉన్న లిస్టునే పెంచుతుంది, కొత్తది చేయదు. రెండింటిలోనూ ఆరు అంకెలు వస్తాయి. నువ్వు అడగడం మంచిదైంది.

అవుట్‌పుట్ ప్రశ్నకు పద్ధతి ఒకటే. పక్కన పట్టిక గీసి, ప్రతి వేరియబుల్‌కు ఒక నిలువు వరుస ఇచ్చి, లూప్ తిరిగిన ప్రతిసారీ విలువ రాయడం. మనసులో నడిపిస్తే మూడో చుట్టుకే తడబడతాం. ఇంకో మాట, మైనస్ అంకెలతో భాగహారం వస్తే ఆగి ఆలోచించండి. -7 // 2 విలువ -3 కాదు, -4, ఎందుకంటే // కింది పూర్ణాంకానికి దిగుతుంది. 2 ** 3 ** 2 విలువ 64 కాదు, 512. ఘాతాన్ని కుడి నుంచి ఎడమకు లెక్కిస్తారు.

కంచరపాలెం_కుర్రాడు | జనవరి 12, రాత్రి 9:05

మాస్టారూ, నేను డౌన్‌లోడ్ చేసిన శాంపిల్ పేపర్‌లో పాండాస్, డేటాఫ్రేమ్, గ్రాఫులు గీయడం అడిగారు. మాకు క్లాసులో అవేవీ చెప్పలేదు. సిలబస్ పూర్తి చేయలేదా మా స్కూల్లో?

భీమిలి_టీచర్ | జనవరి 12, రాత్రి 9:11

నాయనా, పేపర్ పైన కోడ్ చూడు. 065 అని ఉంటుంది. అది ఇన్ఫర్మాటిక్స్ ప్రాక్టీసెస్. నీది 083. స్కూలు మీద ఫిర్యాదు రాయకముందే అడిగావు, సంతోషం.

(ఇక్కడ ఉన్న ఒక సందేశాన్ని తొలగించాం. 'అసలు బోర్డు పేపర్ ముందే ఇస్తాం' అంటూ డబ్బు అడిగే లింకులకు ఇక్కడ చోటు లేదు. అలాంటి సందేశం మీకు విడిగా వస్తే డబ్బు పంపకండి, మాకు తెలియజేయండి. – నిర్వాహకులు)

ఉక్కునగరం_సీనియర్ | జనవరి 13, సాయంత్రం 5:30

నెట్‌వర్క్ ప్రశ్న ఒకటి నేను తయారుచేశాను. మధురవాడలో ఒక సంస్థ ప్రాంగణం. పరిపాలన భవనంలో 20 కంప్యూటర్లు, శిక్షణ భవనంలో 50, ప్రయోగశాలలో 120, హాస్టల్‌లో 15. ప్రయోగశాల నుంచి పరిపాలనకు 60 మీటర్లు, శిక్షణకు 45, హాస్టల్‌కు 130. శిక్షణ నుంచి హాస్టల్‌కు 85. ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో. సర్వర్ ఎక్కడ? తీగల అమరిక ఎలా? రిపీటర్ (దూరం వెళ్లి బలహీనపడే సంకేతాన్ని మళ్లీ పెంచే పరికరం) ఎక్కడ? స్విచ్‌లు (ఒక భవనంలోని కంప్యూటర్లను కలిపే పరికరాలు) ఎక్కడ? హైదరాబాద్‌తో కలిపేది ఏ రకం నెట్‌వర్క్?

ఎంవీపీ_అమ్మాయి | జనవరి 13, రాత్రి 8:15

సర్వర్ ప్రయోగశాలలో, అక్కడే కంప్యూటర్లు ఎక్కువ కాబట్టి చాలావరకు రద్దీ ఆ భవనంలోనే ఉండిపోతుంది. ప్రయోగశాల మధ్యలో ఉండేలా స్టార్ అమరిక. హాస్టల్ దూరం 100 మీటర్లు దాటింది కనుక ఆ దారిలో రిపీటర్. ప్రతి భవనంలో ఒక స్విచ్. హైదరాబాద్‌కు వ్యాన్ (WAN, దూరప్రాంతాలను కలిపే నెట్‌వర్క్).

కంచరపాలెం_కుర్రాడు | జనవరి 13, రాత్రి 8:40

హాస్టల్‌ను శిక్షణ భవనం నుంచి కలిపితే 85 మీటర్లే కదా. రిపీటర్ అక్కరలేదు, తీగ కూడా ఆదా. నాదే సరైనది అనుకుంటున్నాను.

ల్యాబ్_మాస్టారు | జనవరి 13, రాత్రి 9:30

రెండూ సరైనవే. చూసేది ఏమిటంటే, నువ్వు గీసిన అమరికకూ నువ్వు చెప్పిన రిపీటర్‌కూ పొత్తు కుదిరిందా లేదా అని. అమ్మాయి స్టార్ గీసి రిపీటర్ పెట్టింది, సరే. నువ్వు శిక్షణ మీదుగా గీసి వద్దన్నావు, సరే. నీలాగా గీసి ఆమెలాగా 'హాస్టల్‌కు రిపీటర్' అని రాస్తేనే మార్కు పోతుంది. సర్వర్ ఎక్కడ అన్నదానికి కారణం కూడా ఒక వాక్యంలో రాయండి. అమ్మాయి రాసింది చూడండి, అలా.

ఎంవీపీ_అమ్మాయి | జనవరి 18, మధ్యాహ్నం 3:00

ఈరోజు ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో కూర్చుని బోర్డు శాంపిల్ పేపర్ ఒకటి రాశాను. 10:15కు ప్రశ్నలు చదవడం మొదలుపెట్టి, 10:30 నుంచి 1:30 వరకు, అచ్చం పరీక్ష వేళల్లోనే. డేటాబేస్ ముందు రాశాను, తరువాత నెట్‌వర్క్స్, చివర పైథాన్. సమయం సరిపోయింది. స్కీమ్ పెట్టుకుని దిద్దితే 54 వచ్చాయి. సీఎస్‌వీ ప్రశ్నలో మాత్రం ఒక సందేహం. మార్కులు 50 కన్నా ఎక్కువ ఉన్నవారి పేర్లు ముద్రించమన్నారు. నా ప్రోగ్రామ్ కాగితం మీద సరిగ్గానే కనిపిస్తోంది, టైపు చేసి నడిపితే టైప్ ఎర్రర్ వస్తోంది.

భీమిలి_టీచర్ | జనవరి 18, సాయంత్రం 4:20

సీఎస్‌వీ రీడర్ ఇచ్చేవన్నీ స్ట్రింగులే తల్లీ. 72 అని కనిపించినా అది అంకె కాదు, రెండు అక్షరాలు. 50తో పోల్చేముందు ఇంట్‌గా మార్చాలి. మొదటి వరుసలో శీర్షికలుంటే దాన్ని దాటవేయాలి కూడా, లేకపోతే 'మార్కులు' అన్న మాటనే ఇంట్‌గా మార్చబోయి మళ్లీ ఆగుతుంది.

బైనరీ ఫైలుకు ఈ బాధ లేదు. పికిల్‌తో దాచినది దాచిన రకంలోనే తిరిగి వస్తుంది. అక్కడ చిక్కు వేరు: ఎన్ని రికార్డులున్నాయో తెలియదు కనుక ఆగకుండా లోడ్ చేస్తూ పోయి, ఈఓఎఫ్ ఎర్రర్ (ఫైల్ ముగిసిందన్న సూచన) వచ్చినప్పుడు ఎక్సెప్ట్‌లో (ఎర్రర్‌ను పట్టుకునే భాగం) బయటపడాలి. ఈ రెండూ ఒకే పూట పక్కపక్కన రాసి చూసుకో.

ఇకపై కొత్త పేపర్ వెంటనే తీయకు. ఇందులో పోయిన 16 మార్కుల ప్రశ్నలు మాత్రమే బుధవారమో గురువారమో మళ్లీ రాయి, స్కీమ్ చూడకుండా.

ఉక్కునగరం_సీనియర్ | జనవరి 18, సాయంత్రం 5:05

నాకైతే ఎక్కువ పేపర్లు చేయడమే కలిసొచ్చింది, ఆ మాట మీదే ఉన్నాను. కానీ వారానికి రెండు పూటలే ఉన్నవారికి మేడమ్ చెప్పినదే దారి.

కంచరపాలెం_కుర్రాడు | జనవరి 18, సాయంత్రం 6:10

ప్రాక్టికల్స్‌కు కూడా ఇలా సాధన పేపర్లు ఉంటాయా?

ల్యాబ్_మాస్టారు | జనవరి 18, రాత్రి 7:45

దానికి పేపర్లు అక్కరలేదు, నీ రికార్డు పుస్తకమే చాలు. 30లో ల్యాబ్ టెస్టుకు 12 (పైథాన్‌కు 8, ఎస్‌క్యూఎల్‌కు 4), రికార్డుకు 7, ప్రాజెక్టుకు 8, వైవాకు 3. ప్రాజెక్టు ఎవరు చేసినా, అందులోని ప్రతి వరుస ఎందుకుందో నువ్వు చెప్పగలగాలి. పైథాన్‌ను డేటాబేస్‌తో కలిపే భాగంలో కమిట్ ఎందుకు రాశావని అడుగుతారు. అది లేకపోతే చేర్చిన వివరాలు పట్టికలో నిలవవని చెప్పు.

గాజువాక_నాన్న | జనవరి 18, రాత్రి 9:20

మాస్టారూ, మా అబ్బాయి తన పేపర్ తానే దిద్దుకుంటే చేయి కాస్త ధారాళంగా సాగుతోంది. నాకు పైథాన్ రాదు. నేను దిద్దవచ్చా?

ల్యాబ్_మాస్టారు | జనవరి 18, రాత్రి 9:41

చాలావరకు దిద్దవచ్చు. ఒక మార్కు ప్రశ్నలు, అవుట్‌పుట్ ప్రశ్నలు స్కీమ్‌తో అక్షరం అక్షరం సరిపోల్చండి, చుక్క తేడా ఉన్నా మార్కు వేయకండి. నెట్‌వర్క్ జవాబులు చదివితే మీకే అర్థమవుతాయి. పెద్ద ప్రోగ్రాములను మాత్రం వదిలేసి, ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి. నేనో భీమిలి మేడమో చూస్తాం. ఎర్ర పెన్ను మాత్రం అబ్బాయికి ఇవ్వకండి.

గాజువాక_నాన్న | జనవరి 18, రాత్రి 9:50

సరేనండీ. వచ్చే ఆదివారం నాకు బి షిఫ్టు, రెండింటికల్లా డ్యూటీలో ఉండాలి. ఒంటిగంటన్నరకు పేపర్ లాగేసుకుని బస్సులోనే దిద్దుతాను. ఫొటోలు రాత్రి పదిన్నర దాటాక పెడతాను, ఏమీ అనుకోకండి.